నెలనెలా మాట మార్చిన ఆఫీసు

బందరు నుంచి వచ్చి నేను ఉద్యోగంలో చేరిన ఆఫీసు నాంపల్లిలో, స్టేషన్‌కి పది నిమిషాల నడక దూరంలో, ఎవరో నవాబుగారి పాత డ్యోడీలో, అంటే మహల్లాంటి ఇంట్లో, ఉండేది. రాష్ట్రం ఏర్పడి అప్పటికి మూడేళ్లయిందేమో. భూముల కాగితాలూ పటాలూ భద్రపరిచే ఆఫీసు అది. ఒకప్పుడు గుర్రపు బగ్గీలు నిలబెట్టిన కింది హాలును రికార్డు గదిగా మార్చారు. పై రెండంతస్తుల్లో ఏడు సెక్షన్లుండేవి. ఎవరికి ఏ ఫైలు కావాలన్నా వాళ్ల ప్యూను మెట్లు దిగి మా తలుపు దగ్గరికి రావలసిందే. నేను ఆ గదిలో గుమస్తాను. మొత్తం ఆఫీసులో ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ పై అంతస్తులో టైపిస్టు. ఆవిడ మిషను చప్పుడు రోజూ వినపడేది గాని మనిషి వారానికొకసారి కూడా కనపడేది కాదు.

తలుపు దగ్గర స్టూలు మీద మా దఫ్తరీ కూర్చునేవాడు. ఫైళ్లు కట్టలు కట్టడం, అడిగినవాటిని తీసివ్వడం, తిరిగొచ్చాక మళ్లీ వాటి చోట పెట్టడం ఆయన పని. యాభై దాటిన మనిషి. తాతల నాటి నుంచి హైదరాబాదే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఉర్దూ. కాబట్టి తెలుగు ఎంతైనా మాట్లాడతాడు గాని ఒక్క అక్షరం రాయలేడు, చదవలేడు. నేను ఆయన్ని పెద్దయ్యా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. మొదటి నెలంతా ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది. "జర ఆ బస్తా ఇటు జరుపు బిడ్డా" అంటే, నేను వరిబస్తా కోసం గదంతా వెతికాను. బస్తా అంటే ఎర్రగుడ్డలో కట్టిన ఫైళ్ల మూట అని తర్వాత తెలిసింది.

మా సూపరింటెండెంటు గారిది గుంటూరు వైపు. ఆయనకి తెలుగంటే ప్రాణం. ఒకసారి ఆఫీసు నోట్లో ప్యూను అని రాయకుండా "పరిచారకుడు" అని రాశారు. ఆ మాటకి జీతం తగ్గుతుందేమోనని ప్యూన్లందరూ కలిసి వచ్చి మొర పెట్టుకున్నారు.

ఇలా ఉండగా ఒక ఫైలు పోయింది. ఏదో తోట మీద ఇద్దరు అన్నదమ్ములు పాతికేళ్లుగా కొట్లాడుతున్న వ్యవహారం అది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషెవరో వచ్చి "పై సెక్షన్ నుంచి" అన్నాడట, దఫ్తరీ ఇచ్చేశాడట. పై సెక్షన్లన్నీ మేం తీసుకోలేదన్నాయి. ఖాకీ చొక్కాలు ఆఫీసులో పదహారున్నాయి. సూపరింటెండెంటు గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇక మీదట మొహం చూసి ఫైలివ్వడం కుదరదు. ప్రతి సెక్షన్‌కీ ఒక సంకేతపదం ఇస్తాం. అది చెప్పినవాడికే ఫైలు."

"ప్యూనుకొక మాటాండీ?" అన్నాను.

"ప్యూనుకి కాదు, సెక్షన్‌కి. ప్యూన్లు సెలవు పెడతారు, బదిలీ అవుతారు, ఊళ్లకి పోతారు. మాట సెక్షన్‌ది. ఎవరొచ్చినా అదే చెప్పాలి. నెల మొదటి తారీఖున మార్చాలి. మార్చడం నీ పని."

అలా నెలనెలా మాట మార్చే ఉద్యోగం నాకొచ్చింది. ఇంటి దగ్గర మా పిన్నితో చెబితే, మాట మార్చడానికి కూడా జీతమిస్తారా అని చాలాసేపు నవ్వింది.

మూడు వారాల తర్వాత తోట ఫైలు దొరికింది. మూడో సెక్షన్‌లో పొట్టిగా ఉండే ఒక గుమస్తా, బల్ల అందక దాన్ని కుర్చీలో వేసుకుని కూర్చుంటున్నాడు. దొంగతనం ఏమీ జరగలేదు. కాని అప్పటికి ఏడు కవర్లలో ఏడు మాటలు వెళ్లిపోయాయి, రిజిస్టరులో ఏడు సంతకాలు పడ్డాయి. ఆఫీసుల్లో ఒకసారి మొదలైనదాన్ని ఆపాలంటే ఇంకో పెద్ద ఫైలు నడపాలి. అంత ఓపిక ఎవరికీ లేదు.

మొదటిసారి మార్చినప్పుడే ఒక చిక్కు బయటపడింది. పొద్దున్నే దఫ్తరీకి కొత్త మాటలు చెప్పేశాను. తర్వాత కవర్లు తీసుకుని మెట్లెక్కాను. నేను నాలుగో సెక్షన్ దాకా వెళ్లేసరికి మిగతా సెక్షన్ల ప్యూన్లు పాత మాటలతో కిందికి దిగి, తలుపు దగ్గర దఫ్తరీతో తగువు పెట్టుకున్నారు. రెండో నెల ముందు సెక్షన్లకిచ్చి తర్వాత కిందికొచ్చాను. ఆ లోపల కొత్త మాటలతో వచ్చినవాళ్లని దఫ్తరీ తిప్పి పంపేశాడు. ఎటు నుంచి మొదలుపెట్టినా మధ్యలో ఒక గంట అందరూ అబద్ధాలకోరులయ్యేవారు. చివరికి ఉపాయం దఫ్తరీయే చెప్పాడు.

"గా గంట తలుపు మూసేస్త బిడ్డా. నువ్వు మీదికి పోయి కాగితాలు పంచిరా. నేను హోటల్ల చాయ్ తాగుత. నువ్వొచ్చి చెప్పినంక తెరుస్త."

"అడిగితే ఏం చెబుతారు?"

"మాట మారుతుందని చెప్త. ఏముంది?"

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి తారీఖున పదిన్నర నుంచి పదకొండున్నర దాకా రికార్డు గది తలుపు మూసి ఉండేది. దఫ్తరీ సందు చివర ఇరానీ హోటల్లో కూర్చుని నిదానంగా రెండు చాయ్‌లు తాగేవాడు.

నిజమైన రభస మూడో నెల వచ్చింది. సూపరింటెండెంటు గారు గుర్తుండాలని ఇంట్లో వాడే మాటలే ఇచ్చేవారు. నేను చదువుతుంటే దఫ్తరీ తన చిన్న నోటుబుక్కులో ఉర్దూలో రాసుకునేవాడు. ఆ నెల నకళ్ల సెక్షన్‌కి వచ్చిన మాట "పడక". నకళ్ల సెక్షన్ ప్యూను లావుగా, గంభీరంగా, పెళ్లికొడుకు మేనమామలాగా ఉండేవాడు. అతను వచ్చి మెల్లిగా "పడక" అన్నాడు. దఫ్తరీ నోటుబుక్కు తీసి చూశాడు.

"కాదు."

"కాదేంది? గదే ఇచ్చిన్రు మాకు."

"గీడ పిడక అని ఉన్నది."

"ఆఫీసుల పిడక ఎందుకుంటది?"

"పడక మాత్రం ఎందుకుంటది? పో, సరిగ్గ అడిగి రా."

ప్యూను పైకెళ్లి సెక్షన్ పెద్దని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కూడా పాత హైదరాబాదు మనిషే, ఉర్దూ బాగా వచ్చినవాడు. నోటుబుక్కు తీసుకుని చూసి, "పడక అనే ఉంది గదా" అన్నాడు.

"రాసింది నేను. నేనేం రాసిన్నో నాకు ఎరుక లేదా? అది పిడక" అన్నాడు దఫ్తరీ.

ఇద్దరూ చదువుతున్నది ఒకే రాత. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరట. ప, డ, క అని మూడు అక్షరాలు రాసుకుంటే పడక అనీ చదవొచ్చు, పిడక అనీ చదవొచ్చు. ఎవరి దారి వారిది. నన్ను పిలిచారు. నా కాగితం చూపించి పడకే అని తీర్పు చెప్పాను. దఫ్తరీ ఫైలిచ్చి, స్టూలు అటు తిప్పుకుని కూర్చున్నాడు. మర్నాడు నోటుబుక్కులో మిగతావి కూడా సరిచూద్దామన్నాను. సర్వే సెక్షన్ వాళ్ల "చిలక" ఆయన దగ్గర "చెలక" అయి కూర్చుంది. చెలకంటే వాళ్ల వైపు మెట్టపొలమట. "భూముల ఆఫీసుల చెలక ఉంటదా, చిలక ఉంటదా, నువ్వే చెప్పు" అని అడిగాడు.

"పెద్దయ్యా, తెలుగులో రాసుకుంటే ఈ గొడవుండదు" అన్నాను భయపడుతూనే.

ఆయన చేతిలో ఉన్న ఎర్రగుడ్డ మూటకి ముడి వేసి అలమారాలో పెట్టాడు. తర్వాత, "గీ వయసుల నాకు అ, ఆ లు నేర్పుతవా బిడ్డా? ఎవ్వరన్న చూస్తే నవ్వుతరు" అన్నాడు.

"మధ్యాహ్నం తలుపు వేసుకుని నేర్చుకుందాం. ఎవరూ చూడరు."

మర్నాటి నుంచే మొదలుపెట్టాం. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చునేవాళ్లం. ఆయన టిఫిను డబ్బాలో జొన్నరొట్టె, నా డబ్బాలో పెరుగన్నం. అలమారాల వెనక బాగా మసకగా ఉండేది, కిటికీ దగ్గరికి జరిగి పలక పెట్టుకునేవాళ్లం. పలక సుల్తాన్ బజార్‌లో ఆయనే కొనుక్కొచ్చాడు. మనవడికని చెప్పాడట దుకాణంలో. పెద్దబాలశిక్ష వరస ఆయనకి నచ్చలేదు. ఆ నెల మాటల్లో వచ్చే అక్షరాలు ముందు నేర్పమన్నాడు, ఉద్యోగానికి అవే కదా కావాలి. అలా పడకతో ప, డ, క వచ్చాయి. చిలకతో చ, ల వచ్చాయి, గుడి కూడా వచ్చింది. ఆ గుడి తీసి పకారం మీద పెట్టి తనంతట తనే పిడక రాశాడు. నా మొహం చూసి, మొట్టమొదటిసారి ఆ తగువు గురించి నవ్వాడు.

ఆర్నెల్లకి మామూలు అక్షరాలన్నీ అయిపోయాయి. అప్పుడు ఆయన కోరికలు మొదలయ్యాయి. "సార్‌కు చెప్పు బిడ్డా, ఈపారి ధ వచ్చే మాట పెట్టమను. ఘ కూడా రాలేదింకా." నేను సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లి, మాటలు మరీ తేలిగ్గా ఉంటున్నాయండీ, ఎవరైనా ఊహిస్తారేమో అని చెప్పేదాన్ని. ఆయన సంతోషం పట్టలేక నిఘంటువు తెరిచేవారు. ఆ పై నెల సెక్షన్లకి వెళ్లిన మాటలు ఘటం, ధూపం, ఫలకం. పాపం ప్యూన్లు మెట్ల మీద గొణుక్కుంటూ దిగేవారు, జపం చేస్తున్నట్టు.

సరిగ్గా ఝ వచ్చిన నెలలో సూపరింటెండెంటు గారికి గవదబిళ్లలు లేచాయి. నలభయ్యేళ్ల మనిషికి చిన్నపిల్లల జబ్బు. దవడలు రెండూ పొంగి, మాట రాక, ఇంట్లో పడుకున్నారు. పటాల సెక్షన్‌కి ఆ నెల మాట "ఝరి". మాటల కవర్లన్నీ ఎప్పటిలాగే పంచాను, సంతకాలన్నీ తీసుకున్నాను, రిజిస్టరు మూశాను. ఏడుకి ఏడూ సరిపోయాయి. నాకు తెలియనిదల్లా, మా దగ్గర పటాలు తీసుకునే ఎనిమిదో చోటు ఒకటి ఉందని.

అది ఆబిడ్స్‌లో, ఒక గడియారాల దుకాణం పై అంతస్తులో ఉన్న చిన్న శాఖ. ఇద్దరు గుమస్తాలు, ఒక ప్యూను, గోడ మీద ఒక పెద్ద పటం, అంతే. మా కాగితాల్లో ఎక్కడా దాని పేరు లేదు. వాళ్ల ప్యూను నెలకి రెండుసార్లు సైకిలు మీద వచ్చి, పటాల సెక్షన్ వాళ్లని మంచి చేసుకుని, వాళ్ల మాటనే చెప్పి పటాలు పట్టుకుపోయేవాడు. ఈ నెల పటాల సెక్షన్‌లో అతనికి తెలిసిన మనిషి సెలవులో ఉన్నాడు. అతను పాత మాటతోనే వచ్చాడు. దఫ్తరీ పొమ్మన్నాడు. ప్యూను వెనక్కి వెళ్లి, తెలియదని చెప్పుకోలేక, "రికార్డు గది బంద్ ఉన్నది" అని చెప్పాడట. అలా మూడుసార్లు. మూడుసార్లూ గుమస్తాలు సరే రేపు చూద్దామన్నారు.

వాళ్లకి కావలసిన పటం వాళ్లకోసం కాదు. లక్డీకాపూల్‌లో పెద్ద మీటింగు ఒకటి ఉంది, ఆ పటం మీద కొత్త గీతలు గీసి డైరెక్టరు గారికి ఇవ్వాలి. మీటింగు రోజు పొద్దున డైరెక్టరు గారు పటం ఏదని ఫోను చేస్తే, రికార్డు గది పది రోజుల నుంచి మూసి ఉందండీ అని జవాబొచ్చింది. పైనుంచి ఆయనకి మా తలుపు కిటికీలోంచి కనపడుతూనే ఉంటుంది. బార్లా తెరిచి ఉంది.

ఆయన స్వయంగా దిగొచ్చారు. నేను చేరిన తర్వాత డైరెక్టరు గారు మా రికార్డు గదికి రావడం అదే మొదటిసారి. పొడుగ్గా, తెల్ల ప్యాంటులో, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. కాకినాడ వైపు యాస. వెనకాల నలుగురు సెక్షన్ పెద్దలు. నేను లేచి నిలబడ్డాను. దఫ్తరీ కూడా లేచి, వంగి సలాం చేసి, తలుపుకి అడ్డంగానే నిలబడ్డాడు.

"ఆబిడ్స్ వాళ్లు అడిగిన పటం కావాలయ్యా."

"ఔ సార్. మాట చెప్పున్రి."

"ఏం మాట?"

"మాట సార్. మాట చెప్పినోళ్లకే ఇయ్యాలె. సూపరింటెండెంట్ సార్ ఆర్డర్ ఉన్నది."

"నేను డైరెక్టర్నయ్యా."

"నాకు ఎరుకే సార్. గానీ లిస్టుల మీరు లేరు."

వెనకాల ఎవరో దగ్గారు. నిజంగానే ఆయన లిస్టులో లేరు. ఏడు సెక్షన్లకీ మాటలున్నాయి గాని, ఆఫీసు మొత్తానికి పెద్ద ఆయనకి ఒక మాట ఉండాలని మాలో ఎవరికీ తట్టలేదు. డైరెక్టరు గారు నా వైపు చూశారు. నేను రెండడుగులు ముందుకేసి, పటాల సెక్షన్ మాట ఆయనకి మాత్రం వినపడేలా చెప్పాను. దఫ్తరీ చెవులు పాము చెవులు.

"నువ్వు చెప్తే నడువదు బిడ్డా. తీస్కపోయేటోళ్లే చెప్పాలె."

డైరెక్టరు గారు జేబులోంచి చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. తర్వాత, "జరి" అన్నారు.

దఫ్తరీ నోటుబుక్కు తెరిచాడు. ఇప్పుడందులో అన్నీ తెలుగక్షరాలు, ఒక్కొక్కటీ ఉసిరికాయంత. వేలు పెట్టి చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"జరి కాదు సార్. జరి చీరెకుంటది. ఇది ఝ. జర ఒత్తి పలకున్రి."

పై అంతస్తులో టైపు మిషను ఆగిపోయింది. మా కోస్తా వాళ్లకి ఆ ఒత్తు రాదు. రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. ఉర్దూ చదివినవాడికి అది నాలిక చివరే ఉంటుంది. డైరెక్టరు గారు ఒకసారి గొంతు సవరించుకుని, చిన్నప్పటి పంతులు ఎదురుగా ఉన్నట్టు నిటారుగా నిలబడి, "ఝరి" అన్నారు. ఆ ఊపుకి ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జారింది.

"ఔ సార్. గిట్ల" అని దఫ్తరీ పక్కకి జరిగాడు. పటం అర నిమిషంలో తెచ్చి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఇచ్చాడు. డైరెక్టరు గారు కొత్త గీతలు లేకుండానే ఆ పటం పట్టుకుని కారెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి పిన్నితో నా ఉద్యోగం పోయినట్టేనని చెప్పాను. పిన్ని నవ్వలేదు, బందరుకి టిక్కెట్టు ఎప్పటికి తీయాలని అడిగింది.

మర్నాడు మా ఇద్దర్నీ పైకి పిలిచారు. దఫ్తరీ పండగ షేర్వానీ వేసుకొచ్చాడు. తీసేస్తే మంచి బట్టల్లో పోదామనట. డైరెక్టరు గారు ఏదో సంతకాలు పెడుతూ తలెత్తకుండానే అడిగారు.

"మన దగ్గర ఫైళ్లు తీసుకునేవాళ్లు ఎంతమందమ్మా?"

"ఏడు సెక్షన్లండీ."

"నిన్న నాకు తెలిసినంతలోనే ఎనిమిది. నేను కూడా కలిస్తే తొమ్మిది. ఇంకెందరున్నారో చూసి రా. రిజిస్టర్లో కాదు, కాళ్లతో వెళ్లి చూడు. ఈయన్ని కూడా తీసుకెళ్లు." అప్పుడు తలెత్తారు. "తెలుగు చదవడం ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

దఫ్తరీ నా వైపు చూపించాడు. "గీ బిడ్డ నేర్పింది సార్. బువ్వ తినే టైముల."

డైరెక్టరు గారి పెదవి కొంచెం కదిలింది. నవ్వో కాదో చెప్పలేను.

వారం రోజులు ఇద్దరం తిరిగాం. బషీర్‌బాగ్‌లో ఒకటి దొరికింది, లక్డీకాపూల్‌లో రెండు. ఒక చోట మా ఫైళ్లు తీసుకుంటున్న సంగతి అక్కడి పెద్దకే తెలియదు. ఆబిడ్స్‌కి వెళ్లిన రోజు బాగా ఎండ. నేను రిక్షా మాట్లాడదామన్నాను. దఫ్తరీ వద్దన్నాడు, నడుద్దామన్నాడు. ఎందుకో కొంచెం దూరం వెళ్లాక తెలిసింది. ఆయన ప్రతి దుకాణం ముందూ ఆగుతున్నాడు. బోర్డుల మీద ఉర్దూ ఉంది, ఇంగ్లీషు ఉంది, కొన్నిటి మీద కింద చిన్నగా తెలుగుంది. ముప్పయ్యేళ్లుగా ఆ రోడ్డు మీద తిరిగిన మనిషి, ఆ కింది వరసని మొదటిసారి చదువుతున్నాడు.

"బ...ట్ట...ల దుకాణం. ఔనా బిడ్డా?"

"అవును పెద్దయ్యా."

"మం...దు...ల దుకా...నం. దవాఖాన మందులు. అరె, గీయన రాసింది తప్పున్నది చూడు. దుకానం అని రాసిండు, ణ లేదు."

నిజంగానే తప్పుంది. లోపలికెళ్లి చెబుతానని బయల్దేరాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. గడియారాల దుకాణం దాకా పావుగంట నడక మాకు గంటన్నర పట్టింది. మెట్లెక్కేసరికి సైకిలు ప్యూను మమ్మల్ని చూసి వెనక గదిలోకి తప్పుకున్నాడు. దఫ్తరీ అతన్ని పిలిచి కూర్చోబెట్టి, "మాట తెలువకపోతే తెలువదని చెప్పాలె తమ్మీ. తలుపు మూసిన్రని నా మీద చెప్తవా?" అన్నాడు, అంతే. తర్వాత అందరం చాయ్ తాగాం. ఆ శాఖకి ఒక కవరు, ఒక మాట, ఒక సంతకం ఏర్పాటయ్యాయి. డైరెక్టరు గారికి కూడా. ఆయన మాట ఎప్పుడూ ఒత్తులు లేకుండా చూడమని పై నుంచి చీటీ వచ్చింది.

సూపరింటెండెంటు గారు దవడలు తగ్గి తిరిగొచ్చి, పన్నెండు మాటల లిస్టు చూసి పొంగిపోయారు. ఆయన బదిలీ అయ్యేదాకా ఇంకో రెండేళ్లు నెలనెలా మాట మారుస్తూనే ఉన్నాం. కొత్తాయన వచ్చిన వారానికే ఇదంతా తీసేసి, సంతకం పెట్టిన చీటీ తెస్తే చాలన్నారు. తెలుగులో రాసిన మొదటి చీటీ నకళ్ల సెక్షన్ లావుపాటి ప్యూను తెచ్చాడు. దఫ్తరీ దాన్ని రెండుసార్లు పైకి చదివాడు, ఫైలు నంబరు, పేరు, తారీఖు, సంతకంతో సహా. వెనకాల ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ల చీటీలు కూడా అలాగే చదివాడు. వరస వరండా దాటి మెట్ల దాకా పోయింది.